ఆ వేదిక మీద నేనన్న ఆమేన్

నేను రిటైరైన రోజు జగిత్యాల ఆఫీసులో చిన్న సభ పెట్టారు. శాలువా కప్పారు, దండ వేశారు. ఆరు నెలల కిందటే బదిలీ మీద వచ్చిన మా కొత్త అధికారి మైకు అందుకుని, "ఇన్నేళ్ల సర్వీసులో ఈయన చేతి కింద ఒక్క టీబీ పేషెంటు కూడా మందులు మధ్యలో ఆపలేదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడి, "అది నిజం కాదు సార్. ఒకామె ఆపింది. ఆపించింది నేనే" అన్నాను.

అందరూ నవ్వారు. "చూసిండ్రా, ఎంత వినయమో!" అన్నాడు అధికారి. ఇంకో విడత చప్పట్లు.

ఆ చప్పట్లు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నిజం చెప్తే వినయం అనుకుని మెచ్చుకునే లోకంలో మనిషి తన తప్పును ఎక్కడ దింపుకోవాలి? అందుకే రాస్తున్నాను. కొత్తగా ఈ డిపార్ట్‌మెంట్‌లో చేరే పిల్లలు చదవాలి. మా చర్చి సంఘంలో మైకు చూస్తే ఆగలేని యువకులు ఇంకా జాగ్రత్తగా చదవాలి.

నేనెవరినో ముందు చెప్పాలి. మా నాయన దొరల పొలాల్లో నాట్లకు నీళ్లు మళ్లించిన జీతగాడు. మా అమ్మ కోతలకు పోయేది. మా వాడకట్టు నుంచి గవర్నమెంటు ఉద్యోగం చేసిన మొదటి మనిషిని నేను. డిపార్ట్‌మెంటు మోటారు సైకిల్ మీద నేను వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచేవారు. మా నాయన జీవితమంతా ఎవరిని చూసి లేచాడో వాళ్ల పిల్లలే నన్ను "సార్, కూర్చోండి" అనేవారు. అది తప్పని నేను ఇప్పటికీ అనను. కానీ ఆ లేవడాలు, ఆ కుర్చీలు నా లోపల ఎక్కడో పేరుకుపోతున్నాయని నాకు తెలియలేదు. చర్చిలో నేను పెద్దను. ముందు వరసలో కుడివైపు కుర్చీ నాది. నేను రావడం ఆలస్యమైనా దానిలో ఎవరూ కూర్చునేవారు కాదు. ప్రార్థనలో మోకరించి, "ప్రభువా, నేను ధూళిని" అనేవాణ్ణి. లేచి, ధూళి దులుపుకుని, నా కుర్చీలో కూర్చునేవాణ్ణి.

టీబీ పేషెంట్లకు మందులు సరిగా అందుతున్నాయా, వాళ్లు మింగుతున్నారా అని చూసే సూపర్‌వైజరును నేను. అప్పటికి జిల్లాలు విడిపోలేదు. ఒక్కో పేషెంటుకు ఒక డబ్బా మాత్రలు, ఒక కార్డు. మింగిన రోజున కార్డులో టిక్కు. ఆరు నెలలు ఆపకుండా మింగితే జబ్బు పోతుంది. మధ్యలో ఆపితే చావకుండా మిగిలిన క్రిమి మొండికేస్తుంది. తర్వాత అదే మందుకు అది లొంగదు. ఈ కథకు ఇంతకంటే వైద్యం తెలియనక్కర్లేదు.

రాయికల్ దగ్గర ఒక ఊళ్లో బీడీలు చుట్టే ఒకామె ఉండేది. ముప్ఫై ఏళ్లుంటాయి. భర్త ఇళ్లు కట్టే సుతారి పని చేసేవాడు. ఏడేళ్ల బిడ్డ. వాళ్లది మా సంఘమే. ఆమె కళ్లె పరీక్షలో టీబీ బయటపడ్డప్పుడు పీనుగులా ఉండేది. ఆ ఊరి ఆశా వర్కరుకు డబ్బా అప్పజెప్పాం. ఆశా ఏడో తరగతి వరకే చదివింది, కానీ పట్టుదల మనిషి. వారానికి మూడు రోజులు పొద్దున్నే ఆ ఇంటికి పోయి, నీళ్లిచ్చి, మాత్రలు మింగించి, నోరు తెరిపించి చూసి గాని కదిలేది కాదు.

రెండు నెలలకు మళ్లీ కళ్లె పరీక్ష చేయిస్తే క్రిములు కనపడలేదు. ఆమెకు ఆకలి పెరిగింది, కాస్త కండ పట్టింది. అది మందు పనిచేస్తోందన్న గుర్తు. జబ్బు పోయిందన్న గుర్తు కాదు. ఇంకా నాలుగు నెలలు మింగాలి. ఈ తేడా నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఇది గుర్తుపెట్టుకోండి. నేను తెలియక చేయలేదు.

ఆ నెలలోనే కోరుట్లలో మూడు రోజుల సువార్త సభలు పెట్టారు. బయటి నుంచి ఒక పెద్ద ప్రసంగీకుడు వచ్చాడు. ఆయన బొమ్మ ఉన్న ఫ్లెక్సీలు బస్టాండు నుంచి సభ దాకా కట్టారు. ప్రభువు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఆఖరి రోజు ఆదివారం పొద్దున సాక్ష్యాల సమయం. సాక్షులను తెచ్చే బాధ్యత పెద్దలది. నేను ఆమెను తీసుకెళ్లాను. ఆమె రానని మొత్తుకుంది. "గంత మందిల నాకు మాట రాదు సార్" అంది. "నీ కోసం కాదమ్మా, దేవుని మహిమ కోసం" అన్నాను. ఎవరి మహిమ కోసమో నాకు అప్పుడే తెలిసి ఉండాలి. పొద్దున ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని రెండుసార్లు అద్దం చూసుకున్నాను.

షామియానా నిండా జనం. ఆమె వేదిక మీద చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నేను మైకులో చెప్పాను, ఈమెకు ఇట్లా ఉండేది, ప్రార్థన చేశాం, మందులు ఇచ్చాం, రెండు నెలల్లో క్రిమి కనపడలేదు అని. ప్రసంగీకుడు నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"డాక్టర్లు ఆరు నెలలు అన్నారు! నా దేవుడు రెండు నెలల్లో చేశాడు! అమ్మా, ఇంకా మందులు మింగుతున్నావా?"

ఆమె భయంగా తలూపింది.

"స్వస్థత పొందినవాళ్లకు మందులెందుకు? మింగితే దేవుణ్ణి అనుమానించినట్టే! ఈ రోజుతో ఆ డబ్బా మూసెయ్యి! ఇదిగో, గవర్నమెంటు మనిషే సాక్షి. క్రిమి లేదని ఆయనే రాసిచ్చాడు. అవునా కాదా బ్రదర్?"

నా భుజం మీద చెయ్యి వేసి, మైకు నా నోటి దగ్గర పెట్టాడు. ఆమె నా వైపు చూసింది. వేల మంది నా వైపు చూశారు. "అయ్యగారూ, మందులు మాత్రం ఆపొద్దు" అని అనడానికి ఎంతసేపు పడుతుంది? గుటక మింగినంత సేపు. కానీ అంతటి మనిషిని అందరిలో కాదంటే నా పక్కన ఆయన చిన్నబోతాడు, ఆయన వేసిన చెయ్యి నా భుజం మీది నుంచి తీసేస్తాడు. ఆ చెయ్యి నా భుజం మీద బాగుంది.

"ఆమేన్" అన్నాను.

షామియానా దద్దరిల్లింది.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం, ఆరాధన అయిపోయి చర్చి ముందు మేం పెద్దలం నిలబడి మాట్లాడుకుంటుంటే ఆశా వర్కరు వచ్చింది. చేతి సంచిలో మాత్రల డబ్బా.

"సార్, ఆమె గోలీలు మింగుతలేదు. మూడు వారాలాయె. రోజు పోతున్న, బతిలాడుతున్న. తలుపు తీస్తలేదు."

"ఎందుకట?"

"ఎందుకేంది సార్? మీరే గద ఆమేన్ అన్నరు. గంత పెద్దయ్య వద్దన్నంక, మీరు ఊ కొట్టినంక, నా మాట ఎవలు ఇంటరు?"

పెద్దలందరూ నా మొహం చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. కాదు, అబద్ధం ఎందుకు, నాకు కోపం వచ్చింది. మా చర్చిలోనే చాపల మీద వెనక వరసలో కూర్చునే మనిషి నన్ను పెద్దల ముందు నిలదీయడమా!

"ఏడో తరగతి చదివినదానివి, నాకు నేర్పొచ్చినవా? దేవుని కార్యాన్ని ప్రశ్నిస్తున్నవా?"

ఆమె తడబడలేదు. "చదువు రాదు సార్ నాకు. గని డబ్బాల గోలీలు లెక్కవెట్టొస్తది. మింగినయెన్నో, మింగనియెన్నో ఎర్కైతది."

"డబ్బా ఇచ్చి పో. నేను చూసుకుంట" అన్నాను.

చూసుకున్నానా? ఆ నెలలో రెండుసార్లు ఆ ఊరి ముందు నుంచే బండి మీద పోయాను. ఆమె ఇంటికి తిరిగే మలుపు కూడా చూశాను. తిరగలేదు. తిరిగితే ఆమె ముందు నిలబడి, "ఆ రోజు నేనన్నది తప్పు" అని చెప్పాలి. గర్వం అంటే మీరు మీసం మెలేయడం, ఛాతీ విరవడం అనుకుంటారేమో. నేను చూసిన గర్వం అది కాదు. "తప్పు చెప్పిన" అన్న రెండు మాటలు నోట్లోంచి రాకపోవడం. అంతే. ఆ రెండు మాటలు మింగి, నేను ఆఫీసుకు పోయి ఆమె కార్డు తీశాను. నా రికార్డులో మధ్యలో ఆపిన పేషెంటు ఒక్కరూ లేరు. ఆ ఏడాది ఆగస్టు పదిహేనున నాకు ప్రశంసాపత్రం ఇస్తారని అప్పటికే చెప్పారు. పెన్ను తీసి మిగిలిన గళ్లన్నింటిలో టిక్కులు పెట్టాను. ఆరో నెల నిండగానే కింద "చికిత్స పూర్తి" అని రాసి సంతకం చేశాను.

పత్రం అందుకున్నాను కూడా. ఫోటో ఉండేది. చింపేశాను.

ఏడాది తిరగకముందే సిరిసిల్లలో నాలాంటి పనే చేసే ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. "అన్నా, మీ రాయికల్ దిక్కు పేషెంటట, తంగళ్లపల్లిల వాళ్ల అన్న ఇంట్ల ఉంది. నెత్తురు కక్కుతున్నది. మీ కార్డుల పూర్తైందని ఉన్నది గద, ఇదేంది?"

నేను ఫోన్ పెట్టేసి, బండి తీసి బయలుదేరాను.

ఆ ఇల్లు వెతుక్కుంటూ పోతే సందు నిండా సాంచల చప్పుడు. మరమగ్గాలను అక్కడ సాంచలంటారు. పొద్దంతా ఆగకుండా టకటకలాడుతూనే ఉంటాయి. వెనక రేకుల షెడ్డులో నులక మంచం మీద ఆమె ఉంది. నన్ను చూడగానే లేవబోయింది. లేవలేక, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మంచిగున్నరా సార్?" అంది.

నేను మంచిగున్నానా అని అడిగింది.

నేను మంచం పక్కన నేల మీద కూలబడ్డాను. "దగ్గు మల్ల మొదలైనప్పుడు నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఎట్ల చెప్పాలె సార్? గంత మంది ముంగట బాగైందని చెప్తిమి. మల్ల దగ్గొచ్చిందంటే దేవుని పేరు పోతది, మీ పేరు పోతది. గందుకే అన్న ఇంటికి వచ్చిన. ఈడ సాంచల చప్పుడుల నా దగ్గు ఎవలకు ఇనవడది." కాస్త ఊపిరి తీసుకుంది. "ఆర్ఎంపీ దగ్గర గోలీలు తెచ్చుకున్న. ఎక్కువైన నాడు మింగుడు, తగ్గినంక ఆపుడు. కోపం జేయకున్రి సార్. నాకే విశ్వాసం తక్కువైంది."

నా జీవితంలో నన్ను చాలామంది తిట్టారు. ఏ తిట్టూ ఇంత లోతుగా దిగలేదు. ఆమెకు విశ్వాసం ఎక్కువైంది, దేవుడి మీద, నా మీద. అసలు లేనిది నాకు. దేవుడి పేరు నిలబెట్టడానికి నా అబద్ధం అక్కర్లేదన్న పాటి విశ్వాసం కూడా లేని మనిషిని, ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. అనుకున్నట్టే అయింది. మామూలు మందులకు లొంగని మొండి టీబీ. రెండేళ్ల చికిత్స, అందులో మొదటి ఆరు నెలలకు పైగా రోజూ సూది. పాపకు పరీక్ష చేయిస్తే ఏమీ లేదని వచ్చింది. దేవుడు జాలి పడ్డాడని ఎవరో అన్నారు. పడే ఉంటాడు, ఆ పిల్ల మీద. నా మీద మాత్రం కాదు.

నేను ఆ ప్రసంగీకుడికి ఫోన్ చేశాను. నాలుగుసార్లు చేస్తే ఎత్తాడు. జరిగింది చెప్పి, "మీరు ఇంకెక్కడా మందులు ఆపమని చెప్పకండి అయ్యగారూ" అని బతిమాలాను. ఆయన ప్రశాంతంగా, "ఆ సహోదరికి విశ్వాసం చాలలేదు బ్రదర్. నా ప్రార్థనలో లోపం లేదు. నీలో కూడా ఏదో అవిశ్వాసం కనబడుతోంది, చూసుకో" అన్నాడు. శిష్యుల కాళ్లు కడిగిన ప్రభువు పేరు చెప్పుకుని బతికే మనిషికి, తన నోటి వల్ల చావుకు దగ్గరైన ఆడమనిషి ఎట్లా ఉందో కూడా అడగాలనిపించలేదు. ఫోన్ పెట్టేశాను. తర్వాత అర్థమైంది, ఆయన మాట్లాడింది నా గొంతుతోనే అని. చర్చి ముందు ఆశా వర్కరుతో నేను మాట్లాడింది ఏమిటి? ఇదే.

సంఘ పెద్దల దగ్గరికి పోయాను. వచ్చే ఆదివారం అందరి ముందు చెబుదాం, ఎవరూ మందులు ఆపొద్దని, జరిగింది తప్పని అన్నాను. ఒక పెద్ద, "ఉన్నది ఊరందరికి చెప్పుకుంటే సంఘం పేరు పోతది. వచ్చే యాడాది మల్ల ఆయన్నే పిలుద్దామనుకుంటున్నం" అన్నాడు. ఇంకొకాయన, "ప్రార్థన చేసుకుందాం తియ్యి" అన్నాడు. పని చేయకుండా తప్పించుకోవడానికి ప్రార్థన అన్న మాటను వాడినంతగా మేం ఇంక దేన్నీ వాడలేదు.

వాళ్లు ఒప్పుకోకపోయినా ఆదివారం నేను లేచి చెప్పాను. కార్డులో దొంగ టిక్కులు పెట్టిన సంగతి కూడా చెప్పాను. కొందరు లేచి వెళ్లిపోయారు. పాస్టరు గారు కీర్తన ఎత్తుకోమని పాడేవాళ్లకు సైగ చేశాడు. తర్వాతి వారం నన్ను పెద్దల్లోంచి తీసేశారు. సోమవారం అప్పటి మా అధికారికి రాసిచ్చాను. మెమో వచ్చింది, విచారణ జరిగింది, శిక్ష పడింది. పడాల్సినదే.

ఇక్కడితో ఆపితే నేను మంచివాడిగా మిగులుతాను. చూశారా, ఎంత ధైర్యంగా ఒప్పుకున్నాడో అని మీరు కూడా చప్పట్లు కొడతారు. అసలు సంగతేమిటంటే, ఆ ఆదివారం చర్చి మెట్లు దిగుతుంటే నాకు లోపల ఒక రకమైన తృప్తి కలిగింది. ఇంత మందిలో ఇట్లా ఒప్పుకునే దమ్ము ఎవరికుంది అనిపించింది. ఒప్పుకోలులో కూడా దూరింది ఆ పాడు గర్వం. దానికి సిగ్గుండదు.

ఆమె సూదులు మొదలై అప్పటికి కొన్ని నెలలు. మళ్లీ సొంతూరికే వచ్చింది. రోజూ ఆశా వర్కరే ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయేది. ఒకరోజు ఆమె, "చెవులల్ల గుయ్యిమంటున్నది అక్కా" అందట. ఆశా డాక్టరుకు చెప్పింది. ఆ సూదికి చెవులు పోయే ప్రమాదం ఉంది, మాకు తెలుసు. అప్పట్లో దానికి సాటి వచ్చే మందు మా దగ్గర లేదు. చెవులు కావాలా, ప్రాణం కావాలా అని డాక్టరు అడిగితే ఆమె భర్త ఏడ్చాడు. ఆమె మాత్రం, "బిడ్డను చూస్తే చాలు, ఇనకున్నా మంచిదే" అంది. సూదుల కోర్సు ముగిసేసరికి వినికిడి చాలా వరకు పోయింది. చెవి దగ్గర గట్టిగా అరిస్తే గాని వినిపించదు.

ఆ కబురు తెచ్చింది ఆశానే. ఆఫీసు బయట చెప్పి, వెళ్లబోతూ ఆగింది.

"సార్, చర్చిల చెప్పినవ్. ఆఫీసుల రాసిచ్చినవ్. ఆమెకు చెప్పినవా?"

చెప్పలేదు. తంగళ్లపల్లిలో ఆమె పక్కన కూలబడిన రోజు కూడా, విశ్వాసం తక్కువైంది అని ఆమె అంటే, "కాదు, తప్పు నాది" అని నేను అనలేదు. ఏడ్చాను. ఏడవడం సులువు. వంద మందిలో చెప్పినవాణ్ణి, ఒక్క మనిషికి చెప్పలేదు.

మర్నాడు పొద్దున పది గంటలకు ఆ ఊరు పోయాను. వాకిట్లో అయిదారుగురు ఆడవాళ్లు చాటలు ముందు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. ఆమె కూడా గోడకు ఆనుకుని కూర్చుంది. పని చేసేంత బలం ఇంకా రాలేదు, ఊరికే ఆకులు కత్తిరిస్తోంది. నేను ఆమె ముందు గొంతుక్కూర్చున్నాను. పక్కవాళ్లకు వినపడకుండా, మెల్లగా, "నన్ను క్షమించమ్మా. ఆ రోజు నేను చెప్పింది తప్పు" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "ఆఁ?" అంది.

కొంచెం గొంతు పెంచి మళ్లీ చెప్పాను. పక్కనున్న ముసలామె తలెత్తింది.

"ఆఁ? ఏందంటున్నరు సార్?"

ఇంక చేసేదేముంది? అరిచాను. "తప్పు నాది! నీకు విశ్వాసం తక్కువ కాలేదు! మందులు ఆపొద్దని తెలిసి కూడా నేను అబద్ధం ఆడిన! నీ చెవులు నా వల్లనే పోయినయి! నన్ను క్షమించు!"

కత్తెరలన్నీ ఆగిపోయాయి. ఎదురింటివాళ్లు బయటికొచ్చారు. సందు చివర ట్రాక్టరు మీద ఉన్న మనిషి కూడా తిరిగి చూశాడు. చర్చిలో చెప్పినప్పుడు తెల్ల చొక్కా వేసుకుని నిలబడి చెప్పాను. ఇక్కడ దుమ్ములో గొంతుక్కూర్చుని, మొహం ఎర్రబడి, పిచ్చివాడిలా అరుస్తున్నాను. నాకు ఏ తృప్తీ కలగలేదు.

ఆమె చేతిలోని కత్తెర కింద పెట్టింది. తర్వాత, చెవిటివాళ్లు మాట్లాడినట్టు కాస్త గట్టిగానే అంది:

"మొదటిసారే సమజైంది సార్. మూతి చూస్తే సమజైతది నాకు ఇప్పుడు. గా రోజు నన్ను అందరి ముంగట నిలవెడితిరి గద. గిది గూడ అందరు ఇనాలె."

ఒక ఆకు తీసుకుని కత్తిరించడం మొదలుపెట్టింది. ముసలామె తన చాట తన దగ్గరికి లాక్కుంది. నేను లేచి వచ్చేశాను.

ఆమె జబ్బు పూర్తిగా నయమైంది. ఇప్పుడు ఆమె బిడ్డ ఇంటర్ చదువుతోంది. ఆ ఊరు పోయినప్పుడల్లా ఆమె నన్ను పలకరిస్తుంది, మంచినీళ్లిస్తుంది. క్షమించానని మాత్రం అనలేదు. ఇన్నేళ్లైనా అనలేదు. అనమని అడిగే హక్కు నాకు లేదని తెలుసుకోవడానికే నాకు చాలా కాలం పట్టింది.